బాండ్స్ చొక్కా పెద్దాయన

శుక్రవారం, రాత్రి పదకొండు దాటింది. పొద్దున్నే పిల్లాడికి స్విమ్మింగ్ క్లాసుంది, పడుకోవాలి, కానీ రైల్లో జరిగిన వాదన ఇంకా బుర్రలో తిరుగుతూనే ఉంది. రాసి పడేస్తే పోతుందేమో.

ఇవాళ టీమ్ అంతా శాన్ ఫ్రాన్సిస్కో బేస్‌బాల్ జట్టు జెయింట్స్ మ్యాచ్‌కి వెళ్లాం. నాలుగింటికే లాప్‌టాప్‌లు మూసేసి సన్నీవేల్‌లో కాల్‌ట్రెయిన్ ఎక్కేశాం. మా టీమ్‌లో రిటైర్మెంట్‌కి దగ్గర పడ్డ పెద్దాయన ఒకాయన ఉన్నాడు, ఆయన ఉతికి ఉతికి వెలిసిపోయిన 25వ నంబరు చొక్కా వేసుకొచ్చాడు. ఒకప్పటి జెయింట్స్ బ్యాటర్ బ్యారీ బాండ్స్ నంబరది. రైలు బర్లింగేమ్‌లో ఆగితే కిటికీ వైపు చెయ్యి చూపించి, మావాడి కొంప ముంచింది ఈ ఊరే అన్నాడు.

ఆటగాళ్లకి నిషేధిత మందులు అందించిన బాల్కో అనే ల్యాబ్ ఉండేది ఇక్కడే. 2003 సెప్టెంబరులో ఫెడరల్ అధికారులు దాని మీద దాడి చేశారు. అక్కడి సరుకు రెండు రకాలు. ‘క్లియర్’ అని నాలుక కింద వేసుకునే చుక్కలు, అప్పటి పరీక్షలకి అంతుచిక్కని స్టెరాయిడ్ అది. రెండోది ఒంటికి రాసుకునే ‘క్రీమ్’. ఒక కోచ్ సిరంజి ఒకటి డోపింగ్ నిరోధక సంస్థకి పంపాడు, లాస్ ఏంజెలెస్‌లోని ల్యాబ్‌లో దాన్ని విడదీసి చూశాక గానీ అసలు మందేమిటో బయటపడలేదు. బాండ్స్ మాత్రం గ్రాండ్ జ్యూరీ ముందు, తన ట్రైనర్ ఇచ్చింది అవిసె గింజల నూనె, కీళ్ల నొప్పుల మందు అనుకుని వాడానన్నాడు. మా ఆవిడ రోజూ ఇడ్లీలోకి అవిసె పొడి వేస్తుంది, నా భుజాలు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. ఇది చెబితే పెద్దాయన కూడా నవ్వాడు.

నవ్వి, సరే, లీగ్ పరీక్షలో స్టెరాయిడ్‌తో దొరికి ఒక్కసారైనా సస్పెండ్ అయ్యాడా చెప్పు అన్నాడు. అవలేదు, నిజమే. 2011లో న్యాయవిచారణకి అడ్డుపడ్డాడని జ్యూరీ తేలిస్తే, 2015లో అప్పీలు కోర్టు దాన్ని కూడా కొట్టేసింది. కాగితం మీద మనిషి శుభ్రంగా ఉన్నాడు. కానీ మొదట్లో పిట్స్‌బర్గ్ జట్టుకి ఆడిన రోజుల ఫొటోలో సన్నగా రివటలా ఉన్న కుర్రాడు 2001లో 73 హోమ్ రన్‌లు (మన సిక్సర్లలాంటివి) కొట్టేనాటికి ఎలా తయారయ్యాడో చూశాక ఏ కాగితాన్ని నమ్మబుద్ధేస్తుంది? 2004లో అయితే పిచ్చర్లు ఇతనికి బంతి వెయ్యడానికే భయపడి, కావాలనే 120 సార్లు ఉత్తపుణ్యాన మొదటి బేస్‌కి పంపేశారు. 2006లో శాన్ డియేగోలో ఎవడో ప్రేక్షకుడు మైదానంలో అతని దగ్గరికి సిరంజి విసిరాడు. ఆ మరుసటి ఏడాదే ఆగస్టు 7న ఇక్కడ కెరీర్‌లో 756వ హోమ్ రన్ కొట్టి, అందరికంటే ఎక్కువ కొట్టిన హాంక్ ఆరన్ రికార్డు దాటితే ఊరు ఊరంతా లేచి నిలబడింది. పెద్దాయన ఆ రోజు స్టేడియంలోనే ఉన్నాడట, చెబుతుంటే ఇప్పటికీ గొంతు మారింది.

నాకు ఇదంతా కొత్తేం కాదు. హైదరాబాద్‌లో పెరిగినవాణ్ణి, అజహర్ మణికట్టు తిప్పి కొట్టే షాట్ చూస్తూ పెరిగిన బ్యాచ్. 2000లో ఫిక్సింగ్ అని బోర్డు జీవితకాలం నిషేధిస్తే మా నాన్న నాలుగు రోజులు పేపరు ముట్టుకోలేదు. 2012లో మన హైకోర్టు ఆ నిషేధం చెల్లదంది. అయినా ఇవాళ్టికీ పెళ్లిలో నలుగురు కూర్చున్న చోట ఆ పేరెత్తితే రెండు జట్లయిపోతాం. పెద్దాయనకి ఇది చెబితే, మీకూ ఒకడున్నాడన్నమాట అని నా భుజం తట్టాడు.

నాకు ఒళ్లు మండేది మందు గురించి కాదు. గొప్ప ఆటగాళ్లకి చోటిచ్చే హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి వెళ్లాలంటే విలేకరుల ఓట్లలో నూటికి 75 రావాలి. 2022లో విలేకరుల బ్యాలెట్‌లో బాండ్స్ చివరి అవకాశం 66 దగ్గర ఆగిపోయింది, అదే బ్యాలెట్‌లో బోస్టన్ బ్యాటర్ డేవిడ్ ఓర్టిజ్ మొదటి ఏడాదే లోపలికెళ్లాడు. 2003లో పేర్లు బయట పెట్టబోమని మాటిచ్చి చేసిన డోపింగ్ పరీక్షల్లో దొరికినవాళ్ల జాబితాలో ఓర్టిజ్ పేరూ ఉందని 2009లోనే పేపర్లో వచ్చింది. తెలిసి ఏమీ వాడలేదన్నాడు, ఆ జాబితాని పూర్తిగా నమ్మలేమని తర్వాత లీగ్ కమిషనరే అన్నాడు. కావచ్చు. కానీ ఓర్టిజ్ నవ్వుతూ పలకరించే మనిషి, బాండ్స్ విలేకరుల్ని పురుగుల్లా చూసేవాడు, ఓట్లు వేసేది ఆ విలేకరులే. అటు హ్యూస్టన్ జట్టు ఆటగాడు జెఫ్ బ్యాగ్‌వెల్‌ మీద పరీక్షా లేదు, సాక్షీ లేడు, ఉన్నవల్లా లావాటి చేతులు. వాటిని చూసి అనుమానపడి అతన్ని ఏడో ఏడాది దాకా గుమ్మం బయటే నిలబెట్టారు.

ఆఖరికి 2017లో బ్యాగ్‌వెల్‌ని లోపలికి తీసుకున్నప్పుడు అతనితో పాటే ఎవరిని తీసుకున్నారో తెలుసా, ఆ కాలమంతా కమిషనర్‌గా ఉన్న బడ్ సీలిగ్‌ని! 1994 సమ్మెతో వరల్డ్ సిరీసే రద్దయి జనం మొహం తిప్పుకుంటే, 1998లో మాగ్వైర్, సోసా అనే ఇద్దరు బ్యాటర్లు 70, 66 హోమ్ రన్‌లు కొట్టి మళ్లీ స్టేడియాలకి రప్పించారు. అప్పుడే మాగ్వైర్ లాకర్లో ఆండ్రో అనే కండలు పెంచే మందు సీసా చూసి ఒక విలేకరి రాస్తే, సీసా సంగతి వదిలేసి అతన్నే తిట్టారు. టికెట్లమ్ముకున్నవాళ్లు, కెమెరాలు పెట్టినవాళ్లు, చప్పట్లు కొట్టినవాళ్లు, తిలాపాపం తలా పిడికెడు. బయట నిలబడ్డది మాత్రం బ్యాట్ పట్టినవాడు.

మ్యాచ్ ఓడిపోయాం, చలికి చేతులు కొంకర్లు పోయాయి. వెల్లుల్లి ఫ్రైస్ వాసన ఇంకా స్వెటర్‌ని వదల్లేదు. తిరుగు రైల్లో, నాకే ఓటుంటే బాండ్స్‌కి వేసి, హాల్‌లో అతని ఫలకం మీద బాల్కో సంగతి కూడా చెక్కించమంటాను అన్నాను. పెద్దాయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. దిగేముందు మాత్రం, చెక్కించు కానీ ముందు సీలిగ్ ఫలకంతో మొదలెట్టమని చెప్పి వెళ్లిపోయాడు.