బోర్డు కింద పోసిన నీళ్ళు

నిన్న డెన్వర్ నుంచి రాకీ మౌంటెన్ నేషనల్ పార్కుకి వెళ్ళొచ్చాం. ట్రెయిల్ రిడ్జ్ రోడ్డు ఎక్కేకొద్దీ చెట్లు పొట్టివై, వంకర్లు తిరిగి, చివరికి ఒక్కటీ లేకుండా పోయాయి, 12,183 అడుగుల దగ్గర అంతా గడ్డీ రాళ్ళూ గాలే. జూలైలో కూడా రోడ్డు పక్కన మంచు! అంత ఎత్తులో గాలి పలచన కదా, వెనక సీట్లో చిప్స్ ప్యాకెట్ బెలూన్‌లా ఉబ్బిపోయింది, పది అడుగులు వేస్తే నాకు ఆయాసం. 1932లో తెరిచిన ఈ రోడ్డు చాలావరకు అక్కడి ఆదివాసులైన యూట్ తెగవాళ్ళు ఎప్పుడో నడిచిన దారి వెంటే పోతుందట, వాళ్ళకి దండం పెట్టాలి.

నాకు బాగా నచ్చింది మాత్రం మిల్నర్ పాస్ అనే కనుమ. అక్కడో బోర్డు: ఇటు పడ్డ వాన అట్లాంటిక్ వైపు, అటు పడ్డది పసిఫిక్ వైపు. మా చిన్నది బాటిల్లో మిగిలిన నీళ్ళు సరిగ్గా ఆ బోర్డు కింద పోసి, ఎటెళ్తాయా అని గొంతుక్కూర్చుని చూసింది. ఎటూ వెళ్ళలేదు, అక్కడే ఇంకిపోయాయి.