గోదావరి దాటడానికి పడవెక్కాం

రాజమండ్రిలో గోదావరి దాటడానికి పడవ మాట్లాడుకున్నామంటే ఇప్పుడు ఎవరైనా నవ్వుతారు. అక్కడ నది మీద నాలుగు వంతెనలున్నాయి మరి. వాటిలో మూడు పనిచేస్తున్నాయి, ఒకటి ఊరికే నిలబడి ఉంది. మేం చూడాలనుకున్నది ఆ నిలబడి ఉన్నదాన్నే, పాత రైలు వంతెన హేవలాక్‌ని. దాని మీదికి వెళ్ళనివ్వరు. రైల్లోంచి చూద్దామంటే తల తిప్పేలోగా అవతలి ఒడ్డు వచ్చేస్తుంది. కిందనుంచి చూద్దాం పదమన్నారు మా మావయ్య. మాఘమాసం చివర్లో ఓ పొద్దున్నే పుష్కర ఘాట్‌లో మోటారు పడవ ఎక్కాం.

మావయ్యకి డెబ్బై ఏడు. బెజవాడ లోకోషెడ్‌లో ఫైర్‌మన్‌గా, అంటే ఆవిరి ఇంజనులో బొగ్గు వేసే పనిలో చేరి డ్రైవరుగా రిటైరయ్యారు. మోకాళ్ళు సహకరించవు గానీ పడవ అంచు పట్టుకుని ముందు కూర్చుంటానని పట్టుబట్టారు. వంతెన దగ్గరపడేకొద్దీ ఆయన మాట తగ్గిపోయింది. నేను మాత్రం చదువుకొచ్చిన పాఠమంతా అప్పజెప్పేస్తున్నాను.

హేవలాక్ వంతెన పని 1897 నవంబరులో మొదలైంది. 1900 ఆగస్టు చివరికల్లా రైళ్ళు నడిచాయి. స్తంభానికీ స్తంభానికీ మధ్య ఒక్కోటి 150 అడుగుల చొప్పున 56 ఖానాలు, మొత్తం పొడవు 2.7 కిలోమీటర్ల పైమాటే. మూడేళ్ళయినా నిండలేదు. అందులో వరద నెలలు తీసేస్తే నీళ్ళలో దిగి పనిచెయ్యడానికి దొరికినవి మూడే మూడు పొడి కాలాలు. అంతకు ముందు ఇటు రాజమండ్రి దాకా రైలు, అటు కొవ్వూరు నుంచి బెజవాడకి రైలు, మధ్యలో గోదావరి. పెట్టె, పరుపుచుట్ట నెత్తిన పెట్టుకుని దిగి, నది దాటి, మళ్ళీ ఇంకో బండి ఎక్కేవారు. మేం ఆ వేళ సరదాకి చేసిన ప్రయాణం అప్పట్లో అందరికీ తప్పనిదే.

పడవ నడిపే అబ్బాయి ఒక స్తంభానికి బాగా దగ్గరగా తీసుకెళ్ళి ఇంజను ఆపాడు. దూరం నుంచి సన్నగా కనిపించే రాతికట్టు దగ్గరికెళ్తే కోటగోడలా ఉంది. మనకు కనిపించేది సగమే, మిగతాది ఇసుక కింద ఉంది. గోదావరి ఇసుకలో స్తంభం నిలబెట్టాలంటే ముందు బావి దించాలి. మనం ఇంటి దగ్గర మట్టి తవ్వేసి ఒరలు దించుతామే, ఆ లెక్కే. ఇసుక మీద ఒరలా గోడ కడతారు, లోపలి ఇసుక తోడతారు, గోడ తన బరువుకి తానే కిందికి దిగుతుంది. పైన ఇంకాస్త కడతారు, మళ్ళీ తోడతారు. గట్టి నేల తగిలేదాకా ఇదే పని. ఒకపక్క ఇసుక వదులుగా ఉంటే బావి ఒరిగిపోతుంది, దాన్ని మళ్ళీ నిటారుగా తేవడం మహా కష్టం.

ఈ పని చేయించిన ఇంజనీరు పేరు గ్రాన్‌విల్ వాల్టన్. ఇక్కడికి రాకముందు కాశీలో గంగ మీద డఫరిన్ వంతెన కట్టినవాడు. దాన్ని 1887లో రాకపోకలకి తెరిచారు, ఇప్పుడు మాలవీయ వంతెన అంటున్నారు, దాని మీద నేటికీ రైళ్ళు నడుస్తున్నాయి. గంగకీ దక్షిణ గంగకీ ఒకే చెయ్యి పడిందన్నమాట. అయినా ఈ వంతెనకు పెట్టింది ఆయన పేరు కాదు, అప్పటి మద్రాసు గవర్నరు ఆర్థర్ హేవలాక్ పేరు. నాలుగు మైళ్ళ దిగువన ధవళేశ్వరంలో ఆనకట్ట కట్టిన కాటన్ దొరని గోదావరి జిల్లాల వాళ్ళు దేవుడిలా తలుచుకుంటారు, నీళ్ళిచ్చాడు గనక. వాల్టన్ ఇచ్చింది దారి. దారిని ఎవరు తలుచుకుంటారు? ఇక బావుల్లోంచి ఇసుక తోడిన కూలీల సంగతి చెప్పనే అక్కర్లేదు.

"అయిందా నీ పాఠం?" అన్నారు మావయ్య.

అప్పుడు ఆయన మొదలుపెట్టారు. ఆయన ఉద్యోగంలో చేరేనాటికి నది మీద ఉన్నది ఇదొక్క వంతెనే, అదీ ఒకటే లైను. రైలు, రోడ్డు కలిసిన రెండో వంతెన 1974లో గానీ రాలేదు. "కొవ్వూరులో ఎదురుబండి కోసం పడిగాపులు కాసేవాళ్ళం. నిప్పు సర్దుకోవడం అక్కడే అయిపోవాలి. వంతెన మీద స్లీపర్లన్నీ కర్రవి కదరా, బూడిద పెట్టె తెరిచామంటే కొంపంటుకున్నట్టే. పైగా ఆవిరి ఇంజను ఊరికే నడవదు, అడుగు కొడుతుంది."

ఆ అడుగు కొట్టడం ఏమిటో తర్వాత విడమర్చి చెప్పారు. పిస్టన్ ముందుకీ వెనక్కీ ఊగే ఊపుని సరిచెయ్యడానికి చక్రాలకు ఒకపక్క అదనపు బరువు పెడతారు. చక్రం తిరిగినప్పుడల్లా ఆ బరువు పట్టాని సమ్మెటతో మోదినట్టు మోదుతుంది. అందుకే ఇనప గర్డర్ల మీద ఆవిరి బండిని నెమ్మదిగా పోనివ్వాలి. అలా ఏళ్ళ తరబడి దెబ్బలు తింటూనే నిలబడింది ఇది. 86 వరదలో ధవళేశ్వరం దగ్గర దాదాపు 35 లక్షల క్యూసెక్కులు పారినప్పుడూ కదల్లేదు. చివరికి వయసు మీదపడి, బండ్ల బరువులూ పెరిగి, 1997లో పక్కనే కాంక్రీటు విల్లుల వంతెన వచ్చాక దీనికి విశ్రాంతి ఇచ్చారు. వందేళ్ళకి మూడేళ్ళు తక్కువ.

మేం కిందున్నప్పుడే ఆ కొత్త వంతెన మీద ఓ గూడ్సు వెళ్ళింది. మావయ్య చెవి అటు పెట్టి విన్నారు. "దీని చప్పుడు వేరు. మన పాతదాని మీద బండెక్కితే కోటిలింగాల రేవులో స్నానం చేసేవాడికి కూడా తెలిసేదిరా" అన్నారు. కాస్త గొప్పలు పోతున్నారేమో అనిపించింది గానీ నేనేం అనలేదు.

కొవ్వూరు గోష్పాద రేవులో దిగి ఇడ్లీలు తిని, ఎండ ముదరకముందే తిరుగుప్రయాణం అయ్యాం. మళ్ళీ ఆ స్తంభాల మధ్యకి వచ్చేసరికి మావయ్య చొక్కా జేబు తడుముకోవడం మొదలుపెట్టారు.

"ఎన్ని వేలసార్లు దాటానో ఇక్కడ. వెనకాల పెట్టెల్లో జనం గోదారమ్మకి డబ్బులేస్తుంటే టింగుమని గర్డర్లకి తగిలేవి. నేనొక్కసారీ వెయ్యలేదు. చేతిలో పార ఉండేది. ఏదీ, ఓ రూపాయుంటే ఇవ్వు."

నా దగ్గర చిల్లర ఎక్కడిది? పడవ కిరాయి కూడా ఫోన్‌లోంచే కొట్టాను. ఇద్దరం మొహాలు చూసుకుంటుంటే పడవబ్బాయి తన డబ్బాలోంచి అయిదు రూపాయల బిళ్ళ తీసి మావయ్య చేతిలో పెట్టాడు.

"కిరాయిలో కలిపెయ్యండి సార్" అన్నాడు నాతో.