నల్ల గ్లాసు ఆయన ముందు

పన్నెండున్నర అయింది, పొద్దున్న ఆరున్నరకి చిన్నదాని స్కూల్ బస్సు, అయినా నిద్ర పట్టట్లేదు, కారణం ఒక గ్లాసు. నవ్వకండి, నిజంగా గ్లాసే.

అత్తయ్య వచ్చి పది రోజులైంది కదా, ఆవిడే పొద్దున్న "ఆదివారం పూట ఇంట్లో కూచుని ఏం చేస్తారు, పిల్లని నేను చూసుకుంటా, ఎటన్నా తిరిగి రండి" అన్నారు. ఈయనకి ఆ మాట చాలు. బెంగళూరు ట్రాఫిక్ కదా, హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో మా ఇంటి నుంచి డొమ్లూరు ఫ్లైఓవర్ దాటేసరికి యాభై నిమిషాలు, పైనుంచి చినుకులు, మొత్తానికి ఇందిరానగర్ హండ్రెడ్ ఫీట్ రోడ్డులో ఒక మైక్రోబ్రూవరీలో, అంటే బీరు అక్కడే కాచి అక్కడే పోసే చోట, పడ్డాం. పేరు చెప్పను, మళ్లీ వెళ్తాం ఎలాగూ. ఆర్డరిచ్చింది నేను. స్టౌట్, అంటే వేయించిన బార్లీతో కాచే నల్ల బీరు, నాకు; వీట్ బీర్, గోధుమలతో కాచేది, ఆయనకి. ఎవరికేదో కూడా వేలు పెట్టి చూపించి మరీ చెప్పాను, ఆ అబ్బాయి నా మొహం చూసే రాసుకున్నాడు. ఐదు నిమిషాలాగి వచ్చి నల్లది తిన్నగా ఈయన ముందు, మబ్బుగా పసుపుపచ్చగా ఉన్నది నా ముందు పెట్టేసి వెళ్లిపోయాడు.

అంతే. జరిగింది అంతే.

పోనీ ఒక్కసారైతే మర్చిపోయాడనుకుందును. రెండో రౌండు దగ్గర "మేడమ్‌కి యాపిల్ సైడర్ ట్రై చేయండి సార్, లేడీస్‌కి లైట్‌గా ఉంటుంది" అన్నాడు, ఈయనతో! నేను ఎదురుగా కూచునుండగా! బిల్లు ఫోల్డరు కూడా ఈయన చేతికే, కార్డు మాత్రం నాది. ఈయనేమో "థాంక్స్ బాస్" అంటాడు. నల్ల గ్లాసు ముందు పెట్టినప్పుడు కూడా అదే థాంక్స్ బాస్. "అది నాది కాదు" అని ఒక్క ముక్క అంటే నోరు పడిపోతుందా?

వచ్చేటప్పుడు కారులో చెప్పాను, సుమేరియన్లకి బీరు కోసం ప్రత్యేకంగా ఒక దేవతే ఉండేది, పేరు నిన్‌కాసి, ఆవిడ మీద దాదాపు 3800 ఏళ్ల కిందట మట్టిపలకల మీద రాసిన స్తోత్రంలో బీరు ఎలా కాయాలో కూడా ఉంది అని. ఈయన సిగ్నల్ దగ్గర నావైపు తిరిగి "ఇప్పుడు నిన్‌కాసి ఎందుకే మధ్యలో" అన్నాడు. ఇంకేం మాట్లాడతాం.

అసలు ఈ ఇంట్లో బీరు కాచింది ఎవరు? అమెరికాలో, ఆస్టిన్‌లో ఉన్నప్పుడు కాచాం, అక్కడ అది చట్టబద్ధమే, 1978లో ప్రెసిడెంటు కార్టర్ సంతకం పెట్టిన చట్టం, ఇద్దరు పెద్దవాళ్లున్న ఇంట్లో ఏడాదికి 200 గ్యాలన్ల దాకా అమ్మకుండా కాచుకోవచ్చు. మేం మొత్తం మీద ముప్పై కూడా కాచి ఉండం. ముక్కచెక్కలు చేసిన మాల్ట్‌ని, అదే మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని, 66, 67 డిగ్రీల నీళ్లలో గంటసేపు నానబెట్టి, థర్మామీటరు పట్టుకుని పొయ్యి దగ్గర నిలబడింది నేను. చేదు కోసం హాప్స్ పువ్వులు వేసి ఇంకో గంట మరిగించి, ఆ టెక్సాస్ ఎండలో కుళాయి నీళ్లే వెచ్చగా వస్తుంటే టబ్బులో నాలుగు సంచుల ఐసు పోసి చల్లార్చింది నేను. ఈయన పని సీసాల లేబుళ్లు గీకడం. అది కూడా సగం.

అయితే నా గొప్ప పనితనం కథ కూడా చెప్పాలి, దాచుకుంటే పాపం. మూడో బ్యాచ్ స్టౌట్. గ్యాసు బయటికి పోయే ఎయిర్‌లాక్ గొట్టంలో బుడగలు ఆగిపోయాయి, నేను పులవడం అయిపోయిందనుకున్నా. తీపి ఇంకా ఎంత మిగిలిందో చూపించే హైడ్రోమీటరు 1.020 దగ్గర ఉంది, అది 1.012 చుట్టుపక్కలకి దిగాలి, నాకు తెలుసు, తెలిసీ ఓపిక లేక సీసాలకి ఎత్తేశా, పైగా గ్యాసు పట్టడానికని చక్కెర కూడా మామూలు లెక్క ప్రకారం పోసేశా. లోపల మిగిలిన తీపి, పైన వేసిన తీపి, రెండూ పులియబెట్టే ఈస్ట్‌కి పండగే కదా, తిన్నకొద్దీ గ్యాసు వదులుతుంది. క్లోజెట్‌లో పెట్టాం, చీకటిగా ఉంటుందని. పదకొండో రోజు రాత్రి రెండింటికి ఢామ్ అని ఒకటి, మేం లేచి కూచునేలోపు ఇంకో రెండు. ఈయన ఇంటర్వ్యూ సూటు ఆ క్లోజెట్‌లోనే ఉంది. గాజు ముక్కలు కోటు జేబులో కూడా దొరికాయి. మర్నాడు ఈయన మామూలు చొక్కా వేసుకెళ్లాడు, ఉద్యోగం మాత్రం వచ్చింది, ఇప్పటికీ ఎవరు ఇంటికొచ్చినా ఆ కథ తనే ఏదో వీరుడిలా చెప్తాడు. కాచింది ఎవరు అంటే "మేము" అంటాడు. చూశారా, మళ్లీ అదే గ్లాసు.

సరే, ఇక్కడిదాకా కోపంగానే టైప్ చేశాను. ఇప్పుడు ఒక నిజం. వాడు వెళ్లగానే గ్లాసులు మార్చుకున్నాం కదా, మార్చుకునేముందు ఊరికే ఒక గుక్క ఆ వీట్ బీర్ తాగా. ఎంత బావుందో. అరటిపండు వాసన, వెనకాల లవంగం ఘాటు, అవేవీ అందులో వెయ్యరు, ఆ జర్మన్ ఈస్టే పుట్టిస్తుంది, ఆ అరటి వాసన అయితే నిజం అరటిపండులో ఉండే ఐసోఅమైల్ ఎసిటేట్ అన్న పదార్థమే. నా స్టౌట్ చూడబోతే ఫ్రీజరులోంచి తీసినంత చల్లగా ఉంది, వేయించిన బార్లీ రుచి ఏదీ తెలియలేదు, మాడిన కాఫీ డికాక్షన్‌లో ఐసు వేసినట్టు. కానీ నేను ఎలా ఒప్పుకుంటాను? పట్టుబట్టి మార్చుకున్నాక మళ్లీ ఇటివ్వమని అడగలేను కదా. ఆ స్టౌట్ మొత్తం మొహం చిట్లించకుండా తాగాను. ఈయన ఎదురుగా మూతికి నురగ పూసుకుని "అబ్బ, ఇది సూపరుందే" అంటున్నాడు. నన్ను ఏడిపిస్తోంది ఆ వెయిటరబ్బాయో ఆ నురగో ఇప్పుడు నాకే తెలియట్లేదు.

ఇక్కడికొచ్చాక బీరు కాయడం మానేశాను. లైసెన్సు లేకుండా ఇంట్లో కాయడానికి ఇక్కడి ఎక్సైజు చట్టం ఒప్పుకోదు, నాకు ధైర్యం తక్కువ. బీరు కాచిన పెద్ద గిన్నె లాఫ్ట్ మీద ఉంది, వినాయకచవితికి ఉండ్రాళ్లకి దింపుతాం. నా చేతి దురద తీరేది అల్లం బీరుతోనే. తొక్కతో సహా తురిమిన అల్లం, చక్కెర, నీళ్లు, రోజూ ఒక్కో చెంచా మేపితే ఐదో రోజుకి నురగ కడుతుంది. తొక్క తియ్యకూడదు, పులియబెట్టే సరుకంతా ఆ తొక్క మీదే. మొన్న అత్తయ్య ఆ సీసా మూత తీసి వాసన చూసి "ఏంటమ్మాయ్ ఇది, దీనికి తోడేం వేశావు?" అన్నారు. ఏమీ వెయ్యలేదండీ, దానంతటదే పులుస్తుంది అన్నా. "దానంతటదే ఏదీ పులవదు" అని మూత పెట్టేశారు.

ఆ తోడు అన్న మాటకి నాకు అమ్మమ్మ తరవాణి కుండ గుర్తొచ్చింది. పిఠాపురం దగ్గర మా అమ్మమ్మ వాళ్లింట్లో వంటగది మూల, గోడకి ఆనించి, కింద ఇసుక పోసి పెట్టిన కుండ. గంజీ, బియ్యం కడుగూ, మిగిలిన అన్నం అందులోకి. తాతయ్య పొద్దున్నే పొలానికి వెళ్లేముందు ఆ పులిసిన అన్నంలో ఉప్పు, ఉల్లిపాయ, ఊరమిరపకాయ. కుండ మూత అమ్మమ్మ తప్ప ఎవరూ తీయకూడదు. రోజూ వంగి ఒకసారి వాసన చూసేది, ఎక్కువ పులిస్తే కాసిని నీళ్లు, తక్కువైతే ఇంకో పూట ఆగేది, అంతే, థర్మామీటరూ లేదు హైడ్రోమీటరూ లేదు. ఎంత వాడినా అడుగు మాత్రం మిగల్చాలి. ఒక వేసవి సెలవల్లో పిన్ని, కొత్తగా కాలేజీలో చేరింది అప్పుడు, శుభ్రం చేద్దామని కుండ మొత్తం ఒంపేసి సబ్బుపొడి వేసి తోమేసింది. అమ్మమ్మ తిట్టలేదు. అరుగు మీద కూచుని చాలాసేపు ఏం మాట్లాడలేదు. అదే మాకు భయమేసింది. సాయంత్రం నన్ను వెంటబెట్టుకుని నాలుగిళ్ల అవతల వాళ్లింటికి వెళ్లి చెంబుడు తరవాణి అడిగి తెచ్చుకుంది, కొంగు కప్పి, పసిపిల్లని తెస్తున్నట్టు. పదిరోజులు తాతయ్య "మనింటి రుచి రాలేదు" అంటూనే ఉన్నాడు. ఆవిడ "వస్తుంది, ఆగండి" అనేది.

వచ్చిందో లేదో నాకు గుర్తు లేదు, సెలవలైపోయాయి.

జర్మనీ వైపు బవేరియాలో 1516లో బీరు మీద చట్టం రాసినవాళ్లు బార్లీ, హాప్స్, నీళ్లు అని మూడే రాశారు, ఈస్ట్ ఊసే లేదు. వాళ్లని అడిగితే కూడా దానంతటదే పులుస్తుందనేవారేమో. ఇది అత్తయ్యకి చెప్దామనుకున్నా, చెప్తే ఈయనలాగే ఇప్పుడు బవేరియా ఎందుకు అంటారేమోనని ఊరుకున్నా.

రాత్రి భోజనాలప్పుడు ఈయన అత్తయ్యకి పొద్దుటి సంగతి చెప్తూ "నీ కోడలు గ్లాసు మార్చారని అలిగింది" అన్నాడు. ఆవిడ నావైపు చూసి "ఏది బావుంది, నీదా వాడిదా?" అన్నారు. అబద్ధం చెప్పాను, నాదే అని.

ఇప్పుడే మంచినీళ్లకి వంటింట్లోకి వెళ్తే స్టవ్ పక్కన నేను పెట్టిన అల్లం బీరు ప్లాస్టిక్ సీసా అక్కడ లేదు. సింకులో ఉంది, మీద స్టీలు గిన్నె బోర్లించి. నొక్కి చూశా, రాయిలా ఉంది. పేలుతుందని ఆవిడకి ఎవరు చెప్పారో. మూత కొంచెం వదులు చేసి ఫ్రిజ్‌లో పెట్టొచ్చాను.