ఇన్సర్ట్ చుట్టూ తెల్ల వలయం

ముసురు పడితే హనుమకొండ పాత ఇండ్లల్ల తలుపు బిగుసుకుంటది కదా, పిన్‌బాల్ ఆట మిషన్‌ల బంతి ఉరికే బోర్డు, అంటే ప్లేఫీల్డ్‌ల జరిగేదీ గదే. బోర్డు దాదాపు 13 మిల్లీమీటర్ల ప్లైవుడ్. బెజ్జం చేసి కింద లైటు వెలిగే ప్లాస్టిక్ బిళ్లను, అంటే ఇన్సర్ట్‌ను, జిగురుతో కూర్చోబెడతరు. చెక్క తేమకు ఉబ్బుతది, మే నెల ఎండకు కుంచించుకుంటది. ప్లాస్టిక్‌కు తేమతోని పెద్దగ పనిలేదు, వేడికి మాత్రం సాగుతది. రెండింటి మీద క్లియర్ కోటు, అంటే రంగులేని వార్నిష్, ఒక్కటే పొర! లాగులాటంతా బిళ్ల అంచు మీదనే. ముందు వెంట్రుకంత గీత, తర్వాత పొర లేచి కింద గాలి చేరి తెల్ల వలయం. పైనుంచి 80 గ్రాముల ఉక్కు బంతి దెబ్బలు వేరే.

పాత బల్బుల వేడికి బిళ్ల నడుమ గుంత గూడ పడుతది. ఎల్‌ఈడీలు పెడితే ఆ బాధ తగ్గుతది.

మస్తుమంది పైనుంచి మళ్లీ క్లియర్ కొడతరు. దండుగ పని. కింద బిళ్ల ఊగుతుంటే కోటు ఎట్ల ఆగుతది? ముందు గోరుతో అంచు తడమండి, ఎత్తుపల్లం తెలుస్తది. కింద బల్బు సాకెట్ విప్పి, పాత జిగురు గీకి, పైన మైనపు కాగితం, చదును పలక పెట్టి క్లాంపు బిగించండి. కింద నుంచి అంచు చుట్టూ ఎపాక్సీ జిగురు. 24 గంటలు ముట్టొద్దు. క్లియర్ ఆ తర్వాతనే, అదీ పొడి వాతావరణంల.