పనిచేసే మూలికను మందుల జాబితాలో చేర్చండి

మూలికలను మెచ్చుకునేవారు తరచుగా రెండు మాటలను ఒకే నోటితో చెబుతారు. ఈ మొక్కకు గొప్ప శక్తి ఉందన్నది మొదటిది. ప్రకృతిసిద్ధమైనది కనుక దీనివల్ల హాని ఉండదన్నది రెండోది. విడివిడిగా ఎంత నమ్మదగినట్టున్నా, ఈ రెండూ ఒకచోట పొసగవు. శరీరంలో ఒక మార్పు తేగల పదార్థం, మోతాదు మించినప్పుడో, మరో మందుతో కలిసినప్పుడో, అక్కరలేని మార్పును కూడా తేగలదు. ఔషధ మొక్కలపై జరిగిన పరిశోధనను నేను ఈ దృష్టితోనే చదువుతాను. డాక్టరు రాసిన మందులు రోజూ వాడేవారికి ఆ పరిశోధనలో అన్నిటికంటే పనికివచ్చే భాగం కూడా, నా ఉద్దేశంలో, ఇదే.

ఇంగ్లండుకు చెందిన విలియం విథరింగ్ అనే వైద్యుడు, ఒంటికి నీరు పట్టే జబ్బుకు ఒక వృద్ధురాలు ఇస్తున్న కుటుంబ వైద్యాన్ని 1775లో పరిశీలించాడు. ఇరవైకి పైగా మూలికలున్న ఆ మిశ్రమంలో అసలు పనిచేస్తున్నది ఫాక్స్‌గ్లోవ్ అనే మొక్కేనని ఆయన తేల్చుకుని, పదేళ్లపాటు రోగులకు వాడి, నయమైన కేసులతోపాటు నయం కానివాటిని కూడా 1785లో ప్రచురించాడు. ఆయన శ్రమలో ఎక్కువ భాగం మోతాదును వెతకడానికే ఖర్చయింది. ఆకులు ఏ దశలో కోయాలి, ఎంత పొడి ఇవ్వాలి, వాంతులు మొదలైనా, చూపు పచ్చబడినా, నాడి మందగించినా ఎక్కడ ఆపాలి అన్నవే ఆయన పట్టుకున్న ప్రశ్నలు. అదే జాతి మొక్కల నుంచి వచ్చిన డిజాక్సిన్‌ను గుండె జబ్బులకు ఈనాటికీ వాడుతున్నారు. మేలు చేసే మోతాదుకూ విషమయ్యే మోతాదుకూ మధ్య ఎడం చాలా తక్కువ కాబట్టి, మూత్రపిండాల పనితీరును చూసి దాని మోతాదును నిర్ణయిస్తారు, అవసరమైతే రక్తంలో దాని స్థాయిని కొలుస్తారు. ఆకును నేరుగా నలగ్గొట్టి వాడేవారికి ఈ సౌకర్యం ఉండదు; ఒక ఆకుకూ మరో ఆకుకూ బలం ఒకేలా ఉండదు.

మలేరియా మందు ఆర్టెమిసినిన్ కథ కూడా ఇక్కడ చెప్పదగినదే. చైనాలో 1967లో మొదలైన రహస్య పరిశోధనలో భాగంగా తూ యూయూ అనే శాస్త్రవేత్త బృందం ప్రాచీన వైద్య గ్రంథాలను జల్లెడ పట్టింది. నాలుగో శతాబ్దపు గ్రంథం ఒకటి ఈ మందు దొరికే ఆర్టెమిసియా అనే మొక్కను మరిగించమని చెప్పకుండా, నీటిలో నానబెట్టి రసం పిండమని చెప్పింది. వేడికి సారం చెడుతున్నదేమోనన్న ఊహతో ఆమె తక్కువ ఉష్ణోగ్రత దగ్గర మరిగే ఈథర్‌తో సారం తీయించింది. 1972లో శుద్ధ పదార్థం చేతికి వచ్చింది, 2015లో ఆమెకు నోబెల్ బహుమతి వచ్చింది. ఈ కథను సంప్రదాయ వైద్యానికి దక్కిన గెలుపుగా చెప్పుకోవడం పరిపాటి. అది సగం నిజమే. అదే మొక్కతో కాచిన కషాయాన్ని మలేరియాకు వాడవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అందులో మందు పాళ్లు తక్కువగా, నిలకడ లేకుండా ఉండి, రోగం పూర్తిగా తగ్గకపోగా పరాన్నజీవి మందుకు అలవాటు పడే ప్రమాదం ఉందన్నది దాని వాదన.

ఇక అసలు విషయానికి వస్తాను. మనం మింగిన మందుల్లో చాలావాటిని పేగు గోడలోనూ కాలేయంలోనూ ఉండే కొన్ని ఎంజైములు విరిచి బయటికి పంపుతాయి. వాటిలో సీవైపీ 3ఏ4 అనేది ముఖ్యమైనది. ఆ ఎంజైముకు ఏది మందుల చీటీ నుంచి వచ్చిందో, ఏది తోట నుంచి వచ్చిందో తెలియదు. దిగులుకు చాలా దేశాల్లో వాడే సెయింట్ జాన్స్ వోర్ట్ అనే మొక్కలో హైపర్‌ఫోరిన్ అనే పదార్థం ఉంటుంది. అది ఈ ఎంజైము ఉత్పత్తిని పెంచుతుంది. ఎంజైము పెరిగితే దాని చేతికి చిక్కిన ఇతర మందులు వేగంగా కరిగిపోతాయి. 2000లో వెలువడిన ఒక పరిశోధనలో ఈ మొక్క సారం తీసుకున్న ఆరోగ్యవంతుల రక్తంలో ఇండినావిర్ అనే ఎయిడ్స్ మందు పరిమాణం సగానికంటే ఎక్కువ పడిపోయింది. అదే ఏడాది, గుండె మార్పిడి జరిగిన ఇద్దరు రోగులు ఈ మూలిక మొదలుపెట్టిన కొద్ది వారాలకే వారి రక్తంలో రోగనిరోధక శక్తిని అణచే సైక్లోస్పోరిన్ అనే మందు తగ్గిపోయి, శరీరం కొత్త గుండెను తిరస్కరించడం మొదలుపెట్టిందని జ్యూరిక్ వైద్యులు ప్రకటించారు. గర్భనిరోధక మాత్రలు కూడా దీనివల్ల పనిచేయకపోవచ్చు. మూలిక ఇక్కడ నేరుగా ఏ అవయవాన్నీ గాయపరచలేదు. పక్కనున్న మందును మాయం చేసింది. దద్దురో కడుపునొప్పో వచ్చి హెచ్చరించదు కాబట్టి, ఇలాంటి హానిని రోగి తనంతట తాను పసిగట్టడం దాదాపు అసాధ్యం.

దీనికి ఎదురు దిశలో పనిచేసేది గ్రేప్‌ఫ్రూట్. పంపరపనసకు దగ్గరి చుట్టమైన ఈ పండు రసం పేగులోని అదే ఎంజైమును అణచివేస్తుంది. ఫెలోడిపిన్ అనే రక్తపోటు మందుపై మద్యం ప్రభావాన్ని పరీక్షిస్తూ, మద్యం రుచి తెలియకుండా ఈ రసాన్ని కలిపిన కెనడా పరిశోధకులకు ఈ సంగతి అనుకోకుండా బయటపడింది. కొలెస్టరాల్ తగ్గించే సిమ్వాస్టాటిన్‌తో ఈ రసం తాగితే మందు రక్తంలో పోగుపడి కండరాలు దెబ్బతినవచ్చు. రసాన్ని ఉదయం, మాత్రను రాత్రి తీసుకుంటే చాలనుకోవడం పొరపాటు, ఎందుకంటే అణగిన ఎంజైము స్థానంలో కొత్తది తయారవడానికి ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది.

మిరియాల్లోని పైపరిన్ సంగతి నాకు మరీ చిత్రంగా తోస్తుంది. పసుపులోని కర్కుమిన్ ఒంటికి పట్టడం చాలా తక్కువ. పైపరిన్ కలిపితే మనుషుల్లో అది సుమారు 20 రెట్లు పెరిగిందని 1998లో ఒక అధ్యయనం చూపింది. పసుపు గుళికలు అమ్మేవారు దీన్ని గొప్పగా చెప్పుకుంటారు. కానీ అదే పైపరిన్ మూర్ఛకు వాడే ఫెనిటోయిన్, రక్తపోటుకు వాడే ప్రొప్రనలోల్ వంటి మందుల స్థాయిని కూడా పెంచుతుందని మనుషుల మీద జరిగిన పరీక్షల్లో తేలింది. ఈ ముక్క సీసా మీద కనిపించదు. వంటలో చిటికెడు పసుపు వేరు, రోజూ మింగే గాఢమైన సారం వేరు. కొందరిలో అలాంటి గుళికలు కాలేయాన్ని దెబ్బతీశాయి. అతిమధురం ఎక్కువ కాలం తీసుకుంటే రక్తపోటు పెరిగి పొటాషియం తగ్గుతుంది. పైన చెప్పిన డిజాక్సిన్ వాడేవారిలో పొటాషియం తగ్గితే గుండె లయ తప్పుతుంది.

తరతరాలుగా వాడుతున్నాం కదా అన్న వాదనను నేను తేలిగ్గా కొట్టిపారేయను. తిన్న గంటకు వాంతులు తెప్పించే మొక్కను అనుభవం త్వరగానే పట్టేస్తుంది. ఏళ్ల తరువాత బయటపడే హానిని మాత్రం అనుభవం పట్టలేదు. 1990ల మొదట్లో బెల్జియంలో బరువు తగ్గించే చికిత్సలో ఒక చైనా మూలికకు బదులు అరిస్టోలోకియా జాతి మొక్క కలిసిపోయింది. వందమందికి పైగా మూత్రపిండాలు చెడ్డాయి, తరువాతి ఏళ్లలో వారిలో పలువురికి మూత్రనాళాల్లో క్యాన్సర్ కనిపించింది. ఆ జాతి మొక్కలను అనేక దేశాల్లో శతాబ్దాలుగా మందుగా వాడుతూనే ఉన్నారు.

అందువల్ల డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు మీరు వాడే మూలికలను కూడా మందులుగానే లెక్కపెట్టి చెప్పండి. మొక్క పేరు, ఏ భాగం, పొడా సారమా, ఎంత, ఎప్పటి నుంచి అన్నవి చెప్పగలిగితే మంచిది. సీసా వెంట తీసుకెళితే ఇంకా మంచిది. శస్త్రచికిత్స ఉంటే వీలైనంత ముందుగా, కనీసం రెండు వారాల ముందే చెప్పాలి. డాక్టరు చిరాకు పడతాడని దాచేవారు చాలామంది ఉన్నారు. ఆ చిరాకుకు డాక్టర్లదీ కొంత బాధ్యత ఉందని నేను ఒప్పుకుంటాను.

ఇదంతా చదివి మూలికను రేపటి నుంచే మానేయాలనుకునేవారికి ఒక జాగ్రత్త. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడుతున్న మనిషి సెయింట్ జాన్స్ వోర్ట్ కూడా తీసుకుంటూ ఉంటే, అతనికి కుదిర్చిన మోతాదు ఆ మూలిక ఉండగా సరిపోయేది. మూలిక మానేశాక రెండు వారాల్లో ఎంజైములు మామూలు స్థాయికి దిగుతాయి, అదే వార్ఫరిన్ మాత్ర అతనికి ఎక్కువైపోయి రక్తస్రావం కావచ్చు. మొదలుపెట్టేటప్పుడు చెప్పకపోయినా, మానేసేముందు చెప్పి, ఆ వారాల్లో రక్తం గడ్డకట్టడానికి ఎంత సమయం పడుతుందో చెప్పే ఐఎన్‌ఆర్ పరీక్షను మామూలుకంటే తరచుగా చేయించుకోవాలి.