తుమ్ముల చిట్టా

గుంటూరు మిర్చి యార్డులో తుమ్మితే ఎవరూ తల తిప్పి చూడరు. చుట్టుగుంట నుంచి యార్డు వైపు తిరిగేసరికే ఎటు వెళ్తున్నామో ముక్కు చెప్పేస్తుంది. తేజ రకం మిర్చి టిక్కీ, అంటే బస్తా, విప్పి కాయ కింద పోశారంటే రైతు, హమాలీ, కొనడానికొచ్చిన వ్యాపారి వరసబెట్టి తుమ్ముతారు, బేరం మాత్రం ఆగదు. అక్కడో కమీషన్ షాపులో ఇరవై ఏళ్లుగా గుమాస్తాని. నా తుమ్ముల ఊసు ఎవరూ ఎత్తలేదు, 2020 మార్చి దాకా.

లాక్‌డౌన్ మార్చి 25న మొదలైంది. మాకది కాయ దండిగా దిగే సీజను. షాపు మూసి ఇంట్లో కూర్చున్నాం. శ్రీనివాసరావుతోటలో రెండు గదులు: అమ్మ, నేను, మా ఆవిడ, పదో తరగతి పరీక్షల కోసం చదువుతున్న మావాడు. మొదటి పది రోజులూ సెలవుల్లా గడిచాయి. ఒకరోజు మెట్ల మీద నిలబడి నాలుగు తుమ్ములు గట్టిగా తుమ్మాను. ఎదురింటి పెద్దాయన లోపలికెళ్లి గడియ పెట్టుకున్నాడు. ఆయన్ని తప్పుబట్టను గానీ, ఆ గడియ చప్పుడు చాలా రోజులు నా చెవిలోనే ఉంది.

అక్కణ్ణుంచి నా మీద నేనే నిఘా పెట్టుకున్నాను. పొద్దున లేవగానే థర్మామీటరు. పది సెకన్లు ఊపిరి బిగబట్టినా దగ్గు రాకపోతే కరోనా లేనట్టేనని వాట్సాప్‌లో ఒకటి తిరిగింది. అది ఉత్తమాటని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్పింది. తెలిసి కూడా బిగబట్టేవాణ్ణి. జూన్‌లో వాసన, రుచి తెలియకపోవడాన్ని కూడా లక్షణాల్లో చేర్చారు. ఇక నాకు కావలసిన పరికరం ఇంట్లోనే దొరికింది. శాంపిల్‌కని తెచ్చిన తేజ కాయలు డబ్బాలో ఉంటే, ఒకటి తుంచి ముక్కు దగ్గర పెట్టుకునేవాణ్ణి. తుమ్ము వస్తే ప్రాణం లేచొచ్చేది. ఊరంతా తుమ్ముకి భయపడుతుంటే నేను తుమ్ము కోసం ఎదురుచూసేవాణ్ణి!

ఆగస్టుకి రాష్ట్రంలో రోజుకి పదివేల పైన కేసులు. సాయంత్రం బులెటిన్ రాగానే గుంటూరు జిల్లా అంకెలో నిన్నటిది తీసేసి, ఎంత పెరిగిందో పాత క్యాలెండరు వెనక రాసేవాణ్ణి. వేలికి పెట్టి రక్తంలో ఆక్సిజన్ శాతం చూసుకునే ఆక్సీమీటరు కొన్నాక మరీ శ్రుతి మించింది. ఒకరాత్రి 91 చూపించింది. చెమటలు పట్టాయి. మా ఆవిడ నా చెయ్యి పట్టుకుని "ఐసులా ఉంది, రుద్దండి ముందు" అంది. రుద్దితే 98. చేతులు చల్లబడితే అది తప్పు చూపిస్తుందని తర్వాత తెలిసింది. ఆ రాత్రి మటుకు మరో ఆరుసార్లు వేలు పెట్టాను.

మా వదినగారమ్మాయి నర్సు. ఆ పిల్లే ఒక మానసిక వైద్యుడితో ఫోన్లో మాట్లాడించింది. "రోజుకి ఎన్నిసార్లు చూసుకుంటారు?" అన్నారాయన. "పదో పన్నెండో" అన్నాను. వెనక నుంచి మా ఆవిడ, "నలభై, డాక్టరుగారూ" అంది.

ఆయన నవ్వలేదు. చూసుకున్న ప్రతిసారీ కాస్త నెమ్మదిస్తుంది కదా, ఆ నెమ్మదే మళ్లీ చూసుకోమంటుంది అన్నారు. నేను గుమాస్తానని తెలిశాక ఒక పని చెప్పారు. చూసుకోవాలనిపించినప్పుడల్లా భయం పదికి ఎంతుందో రాయాలి. చూసుకున్న వెంటనే ఎంత, గంట తర్వాత ఎంత, అదీ రాయాలి. రోజులో సగం సార్లు చూసుకోకుండా ఊరికే కూర్చుని, అప్పుడు కూడా రాయాలి.

కొత్త చిట్టా తీశాను. మొదటి వారం చెయ్యి ఆగలేదు, అబద్ధమెందుకు. రెండో వారం పద్దులు కుదిరాయి. చూసుకున్నప్పుడు: ముందు 8, వెంటనే 3, గంటకి మళ్లీ 7. చూసుకోనప్పుడు: ముందు 8, పావుగంటకి 9, గంటకి 4. మూడు పేజీలు నిండేసరికి నాకు వేరే ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. ఇరవై ఏళ్లుగా రైతుల ఖాతాల్లో చూస్తున్నదే ఇది. కొత్త అప్పు తెచ్చి పాత బాకీ తీర్చినట్టే ఉంటుంది, నెల తిరిగేసరికి వడ్డీతో సహా గుమ్మంలో నిలబడుతుంది.

లాజరస్, ఫోక్‌మన్ అనే ఇద్దరు అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు 1984లోనే దీని గురించి పుస్తకం రాశారని ఆయనే చెప్పారు. కష్టంలో మనిషి చేసేవాటిలో సమస్యను పట్టుకునేవి కొన్ని, మనసును కుదుటపరిచేవి కొన్ని. మాస్కు కట్టుకోవడం మొదటి రకం, పాట వినడం రెండోది. నాకర్థమైందేంటంటే, నా ఆక్సీమీటరు మొదటిదాని వేషం కట్టిన రెండోది. పని చేస్తున్నాననుకుంటూ జోలపాట పాడుకుంటున్నానన్నమాట.

అప్పుడు మా అమ్మ వైపు చూశాను. రామకోటి రాస్తుంది. రోజుకి నాలుగు పేజీలు, ఐదోది రాయదు. పుస్తకం మూసి తెనాలిలో ఉన్న చెల్లెలికి ఫోన్ చేస్తుంది. అంతవరకు అదంతా చాదస్తమనుకునేవాణ్ణి. మా ఆవిడ మే నెలంతా ఆవకాయలు పెట్టడాలూ మాస్కులు కుట్టడాలూ అంటూ నడుం వాల్చలేదు. ఆవిడకి అది బాగానే పనిచేసింది గానీ, పనులన్నీ అయిపోయిన రాత్రి ఒక్కర్తే కూర్చుని ఏడ్చింది. మా బావమరిది దారి వేరు. మే 4న మందు షాపులు తెరిస్తే, రెండ్రోజుల్లో 75 శాతం ధర పెంచినా క్యూలో నిలబడ్డాడు. "నిద్ర పట్టట్లేదు బావా" అనేవాడు. తాగిన రాత్రి మూడింటికి లేచి కూర్చునేవాడని మా చెల్లెలు చెప్పింది. వాడి చిట్టా వాడు రాయలేదు.

నాకు మూడు నియమాలు మిగిలాయి: వార్తలు రోజుకి ఒక్కసారి, ఆక్సీమీటరు బీరువాలో, తాళం మా ఆవిడ దగ్గర. "నా గొంతు మారిందా?" అనడిగితే "సాయంత్రం ఏడింటికి చెప్తా" అనేది. ఏడింటికి అడగడం నేను మర్చిపోయేవాణ్ణి.

2021 మేలో అసలుదే వచ్చింది. మధ్యాహ్నం పన్నెండు నుంచి కర్ఫ్యూ నడుస్తున్న రోజులు. జ్వరం, పరీక్షలో పాజిటివ్. బీరువా తాళం తీశారు. ఆరు గంటలకోసారి మాత్రమే చూడమని, 94 కంటే తగ్గితే ఫోన్ చేయమని డాక్టరు. అదే చిట్టాలో 96, 95, 95, 96 అని రాసుకున్నాను. భయం గడి ఖాళీగా వదిలేశాను. ఉండటం ఉంది, రాసే ఓపిక లేదు.

నాలుగో రోజు కాఫీ వాసన తెలియలేదు. సబ్బూ తెలియలేదు. తలుపు సందులోంచి తేజ డబ్బా అందించమన్నాను. కాయ తుంచి ముక్కు దగ్గర పెట్టుకున్నా, వాసన లేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి, మూడు తుమ్ములు వచ్చాయి. ఘాటును పట్టేది వాసన నరం కాదనీ, ముఖానికి స్పర్శ తెలిపే నరమనీ డాక్టరు చెబితే పడుకున్నవాణ్ణి లేచి కూర్చున్నాను. ఏడాది పాటు నేను పెట్టుకున్న పరీక్ష చెల్లదు. వాసన పోయినా ఆ తుమ్ము వస్తుంది.

చిట్టా తీసి రాశాను: వాసన, నిల్. తుమ్ములు, మూడు. నాలుగోది వచ్చింది. అవతలి గదిలోంచి అమ్మ, రామకోటి మీంచి తలెత్తే ఉంటుంది, "చిరంజీవ" అంది.