పర్క్ వాసన, నా కాలేయం

నారాయణగూడలోని ఒక డ్రై క్లీనింగ్ దుకాణంలో యంత్రం మీద పనిచేసే రోజుల్లో, సాయంత్రమయ్యేసరికి తల దిమ్మెక్కేది, కడుపులో తిప్పేది, కళ్లు మండేవి. ఇంట్లోవాళ్లు పైత్యమన్నారు. గ్యాస్ మాత్రలతో కొన్నాళ్లు గడిచాక రక్తపరీక్ష చేయిస్తే ఎస్‌జీపీటీ (కాలేయం దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైము) ఉండవలసినదానికి మూడింతలుంది. నాకు మద్యం అలవాటు లేదు; కామెర్ల పరీక్షల్లోనూ ఏమీ తేలలేదు.

చివరికి ఒక డాక్టరు గారు, "మీరు ఏం పని చేస్తారు? సెలవు రోజున ఎలా ఉంటుంది?" అని అడిగారు. ఆదివారం తేలికగా ఉంటుందని చెప్పాను.

మా యంత్రంలో నీటికి బదులు వాడేది పర్క్లోరోఎథిలీన్ అనే ద్రావకం. మేమంతా పర్క్ అనేవాళ్లం. దాని ఆవిరి గాలికంటే బరువైనది కనుక, కిటికీ లేని మా వెనకగదిలో కిందనే పేరుకునేది. తడి ఆరని బట్టలు బయటికి లాగేటప్పుడు, ఫిల్టరు మడ్డి తీసేటప్పుడు ఘాటు మరీ ఎక్కువ. పీల్చినదానిలో అధికభాగం ఊపిరితోనే బయటికి పోయినా, కొవ్వులో చేరినది నెమ్మదిగా వదులుతుంది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దీనిని 2ఎ వర్గంలో, అంటే మనుషుల్లో క్యాన్సర్ కలిగించే అవకాశం గట్టిగా ఉన్నవాటిలో చేర్చింది. డ్రై క్లీనింగ్‌లో దీని వాడకాన్ని పదేళ్లలో ఆపివేయాలని అమెరికా 2024 డిసెంబరులో నిబంధన తెచ్చింది.

దీనికి విరుగుడు మందు లేదు, దూరంగా ఉండటమే వైద్యమన్నారు డాక్టరు గారు. సేఠ్ నన్ను వీధివైపు కౌంటరుకు మార్చారు. ఇస్త్రీ బల్ల దగ్గర కూడా బట్టల్లోంచి పర్క్ ఆవిరి లేస్తుంది కాబట్టి అది వద్దన్నాను. ముందు తలతిప్పు పోయింది. కాలేయం కుదుటపడటానికి మాత్రం నెలలు పట్టింది.

ఇప్పుడు మా దుకాణంలో సూట్లు, ఉన్ని బట్టలు చాలావరకు వెట్ క్లీనింగ్‌కే వెళ్తున్నాయి: నీరు, మృదువైన డిటర్జెంటు, తిప్పుడునూ వేడినీ అదుపులో ఉంచే యంత్రం. అయితే జరీ చీరలకు, పెళ్లి షేర్వాణీలకు సేఠ్ ఇంకా భయపడి పెట్రోల్ వాష్‌నే, అంటే పెట్రోలియం ద్రావకంతో శుభ్రం చేయడాన్నే నమ్ముతారు. దానిలో పర్క్‌లోలా క్లోరిన్ లేదన్నది నిజమే కానీ, అది త్వరగా అంటుకుంటుంది, తలనొప్పీ తెస్తుంది; నా దృష్టిలో అది సగం పరిష్కారమే. పర్క్‌కు బదులు ద్రవ కార్బన్ డయాక్సైడ్‌తో బట్టలు శుభ్రం చేసే యంత్రాల ఖరీదు మాలాంటి చిన్న దుకాణానికి అందేది కాదు.

కౌంటరుకు వచ్చేవారితో నేను చెప్పేది ఇది: ఒక్కపూట కట్టిన పట్టుచీరకు మరక లేకపోతే నీడలో ఆరవేసి, అవసరమైతే రోలింగ్ చేయిస్తే సరిపోతుంది. డ్రై క్లీనింగ్ తప్పకపోతే, ప్లాస్టిక్ కవరు తీసేసి బాల్కనీలో గాలికి ఆరనిచ్చాకే బట్టలు బీరువాలో పెట్టాలి.